ఆయన కట్టిన సిరీస్ వైరింగు

బడికి వెళ్ళని నాకు చదువూ లెక్కా ఇంట్లో మావారే నేర్పారు. గాజువాకలో కార్లకు స్పీకర్లు బిగించే పని ఆయనది. "నాలుగు ఓమ్‌ల స్పీకర్లు రెండు సిరీస్‌లో కలిపితే ఎనిమిది. సౌండు తగ్గినా యాంప్లిఫయర్ సల్లగుంటాది. పేరలల్‌లో కలిపితే రెండే. సౌండు పెరుగుతాది గానీ కరెంటు ఎక్కువ లాగీసి యాంప్లిఫయర్ వేడెక్కి తగలడిపోతాది" అనేవారు. మా కారులో సిరీసే కట్టారు.

ఆయన పోయిన ఏడాదికి కొండ మీది అప్పన్న స్వామి దర్శనానికి బయలుదేరుతుంటే, కారు నడిపే మా మరిది నవ్వాడు.

"పాటలేటి వదినా, దోమ పాడినట్టున్నాయి! పేరలల్‌లో కట్టీమంటావా?"

తెలిసి కూడా, ఆయనకిష్టమైన భజన గట్టిగా వినాలనిపించి, "కట్టీ బాబూ" అన్నాను.

కొండ ఎక్కకముందే కాలిన వాసన వచ్చి పాట ఆగిపోయింది. నా ఏడుపు చూసి మరిది కంగారుపడ్డాడు.

"ఊరుకో వదినా, కొత్త యాంప్లిఫయర్ ఏసి అన్నియ్య కట్టినట్టే కట్టీస్తాను."

అన్నట్టే కట్టాడు. అలాంటి మరిదినిచ్చినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. పాట మళ్ళీ నెమ్మదిగా వస్తోంది. ఆయన తన వేళ్ళతో మెలేసి, టేపు చుట్టిన అతుకులు మాత్రం పోయాయి. వాటిని కత్తిరించడానికి ఒప్పుకున్నది నేనే.