ఆళ్లగడ్డ పైన లీమా

పాణ్యం దాటాక చేల మధ్య ఒక చిన్న రన్‌వే, దాని పక్కన ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఒక రేడియో ఉన్నాయి. ఆ రేడియో ముందు ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి వందన. విమానం నడపడం నేర్పే ఆ క్లబ్బుకు కంట్రోల్ టవరు లేదు, రాడారు అంతకన్నా లేదు. ఇద్దరు పట్టే బుల్లి విమానాలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండాలంటే ఉన్న ఉపాయం ఒక్కటే. పైనున్న వాళ్లంతా ఒకే చానల్లో ఉండి, నేను ఫలానా, ఫలానా ఊరి పైన, ఇంత ఎత్తులో ఉన్నాను, ఇటు పోతున్నాను అని ఎప్పటికప్పుడు చెప్పుకోవాలి. మిగతావాళ్లు విని తప్పుకోవాలి. అంతా మాట మీదే నడుస్తుంది.

అలాంటి చోట కూడా మాట సాగదీసే మహానుభావులు ఉంటారు. పాణ్యం ఇంకా కనుచూపు మేరలో లేకపోయినా "పాణ్యం పైన" అనేస్తారు, ఎలాగూ వచ్చేస్తుంది కదా అన్న ధీమాతో. వందన దగ్గర ఆ ఆటలు సాగేవి కావు. షెడ్డు బయటికొచ్చి, చెవి రిక్కించి, మళ్లీ లోపలికెళ్లి మైకు అందుకునేది.

"ఏందన్నా పాణ్యం పైన? మా నెత్తిమీద నువ్వుంటే మోత నాకు వినపడదా? కండ్లకు కనపడేది చెప్పు, నువ్వు అనుకునేది కాదు."

అవతల పెద్ద ఉద్యోగస్థుడైనా, పెద్ద వ్యాపారస్థుడైనా ఆమెకు ఒకటే. వాళ్లు విసుక్కునేవారు, నవ్వుకునేవారు, చాటుగా హెడ్మాస్టరమ్మ అనేవారు. అంటే అన్నారు గానీ, దారి తప్పి బిక్కమొహం వేసుకున్నవాడు ముందు వెతుక్కునేది ఆ గొంతునే.

ఆ హెడ్మాస్టరమ్మే రేడియో పని చేస్తూనే విమానం నడపడం నేర్చుకుంది. నవంబరులో ఒక ఉదయం ఆమెకు పరీక్ష పెట్టారు. ఒంటరిగా నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ వెళ్లి తిరిగి రావాలి. మ్యాపు, దిక్సూచి, కళ్లు, ఇవే ఆధారం. నెగ్గితే పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని ఎగరొచ్చు. పరీక్ష పెట్టినాయన చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ శ్యాంసుందర్. ఆయన నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్లు ఆ క్లబ్బులో లేరు.

వందనది ఆళ్లగడ్డే. వాళ్లమ్మ దెబోరా అంత సంబరాన్ని కడుపులో దాచుకునే మనిషి కాదు. ఆదివారం ఆరాధన అయ్యీ అవ్వగానే సంఘమంతా చాటేసింది. పొద్దున్నే ఫోను కూడా చేసింది.

"మిద్దె మీద ఎర్ర దుప్పటి పరుస్తాండామే. అందరం ఆడే ఉంటాం. కిందికి చూసుకో."

ఆ దుప్పటే కొంప ముంచింది. నంద్యాల దాటేదాకా వందన లెక్క తప్పలేదు. ఆ తర్వాత మంచు పొర కమ్మింది. తూర్పున నల్లమల కొండలు కనపడకుండా పోయాయి. తూర్పు గాలి విమానాన్ని మెల్లగా పడమరకు నెడుతోంది. అది గమనించాల్సిన కళ్లు దుప్పటి కోసం వెతుకుతున్నాయి. ఇంతలో మంచు సందులోంచి ఒక ఊరు కనిపించింది. గుండె ఎగిరి గంతేసింది.

"లీమా, ఆళ్లగడ్డ పైన, రెండు వేల అడుగులు" అని చెప్పేసింది. లీమా ఆమె విమానం పేరు.

"డెల్టా, విన్నా" అన్నాడు డెల్టా విమానంలో ఉన్న జీవన్ కుమార్. అతనూ క్లబ్బు కుర్రాడే, జమ్మలమడుగు నుంచి తిరిగి వస్తున్నాడు. "కోయిలకుంట్లకు దగ్గర్లో ఉండా, రెండు వేలే. రైలు పట్టాల మీదుగా నంద్యాలకు వస్తాండా." ఆమె ఆళ్లగడ్డలో ఉందంటే అతనికి అడ్డం ఎవరూ లేనట్టే.

వందన మళ్లీ కిందికి చూసింది. దుప్పటి లేదు. మిద్దె లేదు. ఊరి పక్కనుంచి రైలు పట్టాలు పోతున్నాయి.

ఆళ్లగడ్డకు రైలు లేదు.

కింద ఉన్నది ఆళ్లగడ్డకు పడమరనున్న కోయిలకుంట్ల. జీవన్ అవే పట్టాల మీద, అదే ఎత్తులో, ఎదురుగా వస్తున్నాడు. గుట్టుగా వంద అడుగులు పైకి లేచి తూర్పుకు తిరిగిపోతే ఎవరికీ తెలియదు, పరీక్షా నెగ్గుతుంది. ఆ ఆలోచన ఆమెకు రాలేదని నేను చెప్పను. వచ్చింది. కానీ మంచులో అతను ఎంత దగ్గరున్నాడో తెలియదు, తను తప్పుకున్నట్టు అతనికి తెలియదు. ఇన్నాళ్లూ తను తిట్టిన వాళ్లంతా అదే చానల్లో వింటున్నారు. కింద శ్యాంసుందర్ వింటున్నాడు. వందన బటన్ నొక్కింది.

"జీవన్, నేను చెప్పింది తప్పు. ఆళ్లగడ్డ కాదు, కోయిలకుంట్ల మీదుండా. నీ ఎత్తులోనే, నీకెదురుగా. పట్టాలు ఇడ్సిపెట్టి కుడికి తిరుగు. బేగా తిరుగప్పా! నేనూ నా కుడికి తిరుగుతాండా."

అతను వెంటనే తిరిగాడు. ఆమె ఎడమవైపు మంచులోంచి తెల్లటి రెక్క ఒకటి బయటపడి, అందులో కూర్చున్న మనిషి తల కనపడేంత దగ్గరగా సాగిపోయింది.

"లీమా, ఎనక్కి రా" అన్నాడు కింది నుంచి శ్యాంసుందర్.

వందన తిరిగొచ్చి దిగింది. జీవన్ అప్పటికే దిగి షెడ్డు గోడకు ఆనుకుని ఉన్నాడు. "అక్కా" అంటూ ఎదురొచ్చాడు. శ్యాంసుందర్ మాత్రం నానబెట్టలేదు.

"పరీక్ష తప్పినావమ్మా. దారి తప్పినావు, చూడంది చూసినట్టు చెప్పినావు."

"అవును సార్."

"మళ్లా బుధవారం పెట్టుకో."

"బుధవారం యామిని ఎగరాల కదా సార్?"

యామిని ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆ రోజు మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కబోతోంది. మొదటిసారి ఎగిరే పిల్లలున్నప్పుడు పైన ఇంకో విమానం ఉండకూడదని ఆయన పంతం. ఎవరు బతిమాలినా, ఎంతటివాళ్లు చెప్పినా సడలించింది లేదు.

శ్యాంసుందర్ రన్‌వే వైపు చూస్తూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎగరాల. పక్కన నేనుండను. బిడ్డ ఒక్కతే ఉంటాది" అన్నాడు. "అందుకే పైన నువ్వుండమంటాండా."