డాలు నా యోధుడి చేతిలోనే ఉంది

ఈరోజు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. ఆఫీసు లేదు. సాయంత్రం కొత్తగూడ ఫ్లాట్‌లో రూమ్మేట్ శ్రీనుతో ఆడాల్సిన పాచికల కథాట కోసం, అంటే తలా ఒక పాత్ర వేసుకుని పాచికలు విసురుతూ కథ నడిపే ఆట కోసం, పొద్దుటి నుంచీ నా యోధుణ్ని కాగితం మీద తయారుచేస్తున్నాను. సగం కత్తివీరుడు, సగం దొంగ. కత్తి పదును తగ్గినా సరేనని, పక్కవాడి మీద పడే దెబ్బకి డాలు అడ్డుపెట్టే విద్య కూడా నేర్పాను. శ్రీను ఆడే మాంత్రికుడు ఒట్టి అర్భకుడు మరి.

రాస్తారోకోకి వెళ్లిన శ్రీను మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అన్నా, ఇయ్యాల ఆట లేదు. నువ్వు జర బయటికి రాకు. ఎవ్వరన్న అడిగితే జనగామ శ్రీను దోస్తునని చెప్పు."

"సరే" అన్నాను. నేను నోరు తెరిస్తే నాది రాజమండ్రి అని యాసని బట్టి ఎవరికైనా తెలిసిపోతుంది.

కోపం రాలేదు, భయమూ వేయలేదు. పాచికలు డబ్బాలో పెట్టేశాను.

అర్భకుడే దెబ్బకి అడ్డం నిలబడితే యోధుడేం చెయ్యాలో, ఆడినవాళ్లెవరైనా చెప్పండి.