ఉయ్యాల గుడ్డ మీది నల్లచార

మా ఇంటికి మూడు మెట్లు. మా తోడికోడలి ఇంటికి ఏడు. సాయంత్రం పాపను పిలుచుకురావడానికి ఆ మెట్లెక్కిన ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్క నడుస్తుంది. నాలుగో మెట్టు దగ్గర గుండె కొంచెం బరువెక్కుతుంది. ఇన్నేళ్ళయినా ఆ బరువు పోలేదు. పైగా ఆ నాలుగు మెట్లూ ఆమెకు వచ్చింది నా నోటి మాట వల్లే.

కోవిల్‌పట్టిలో తూర్పు దిక్కున చివరి వీధి మాది. వీధి దాటితే వాగు. తమిళనాట స్థిరపడిన మా వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడినా దాన్ని ఓడై అంటారు. ఏడాదిలో పది నెలలు అందులో మేకలు పడుకుంటాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు. అందుకే దాని ఒడ్డున ఇల్లు కట్టడానికి, ఇప్పుడు లేని మా మామగారు ఆనాడు భయపడలేదు. నా పెళ్ళి మాటలప్పుడు మా అమ్మ విరుదునగర్ నుంచి వచ్చి ఆ ఇల్లు చూసి, వాగు ఒడ్డున ఉన్న ఇంటికి పిల్లనివ్వనంది. డిగ్రీ చదివిన పిల్లను రేగడి బురదలో దింపుతారా అని మా నాయనతో తగువు పెట్టుకుంది. పెళ్ళికొడుకు నాకు నచ్చాడు. అదేమంత వాగు కాదని, నీళ్ళు రావని అమ్మకు నేనే సర్ది చెప్పాను.

నీళ్ళు వచ్చాయి. పాపకు అప్పుడు ఐదు నెలలు. దీపావళి వచ్చే ఐప్పసి మాసం, మధ్యాహ్నం. మా ఊళ్ళో వాన కూడా లేదు, పైన ఎక్కడో కురిసింది. మా ఆయనకు విరుదునగర్ మండీలో పని, ఆదివారానికి తప్ప రాడు. అత్త తిరుచ్చులిలో ఆడపడుచు కాన్పుకు పోయింది. మరిదికి అప్పటికి పెళ్ళి కాలేదు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయాడు. వీధిలో ఆడవాళ్ళందరూ కూడా అక్కడే. నేను వంటింట్లో ఉన్నాను. ఏదో చల్లగా పాదానికి తగిలితే బిందె ఒలికిందేమో అనుకున్నాను. చూస్తే గడప దాటి నల్లటి నీళ్ళు వస్తున్నాయి, చప్పుడే లేకుండా. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. దూలం కొక్కేనికి కట్టిన గుడ్డ ఉయ్యాల, నేలకు మోకాలెత్తున వేలాడేది. నేను చేరేలోపల దాని అడుగు తడిసింది. పాపను లాక్కుని రుబ్బురోలెక్కి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. నీళ్ళు ఎలా వచ్చాయో అలాగే పోయాయి.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేవాళ్ళకు వీధిలో బురద మాత్రం కనిపించింది. అప్పటికే నేను ఇల్లంతా కడిగేశాను. మా ఇంట్లోకి వచ్చిందా అని మరిది అడిగితే, మెట్టుదాకా వచ్చి పోయిందన్నాను. ఇంట్లోకి వచ్చిందంటే ఆ మాట మా అమ్మకు చేరుతుంది, నేను చెప్పానా లేదా అని ఆమె అంటుంది. ఆ మాట పడలేను. మరునాడు గోడ మీది చార కనబడకుండా సున్నం కొట్టాను. ఉయ్యాల గుడ్డను మూడుసార్లు సబ్బు పెట్టి ఉతికాను, అడుగున నల్లచార పోలేదు. రేగడి మరక అంత త్వరగా వదలదు. మడిచి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. ఆదివారం మా ఆయన వచ్చి, గోడ తెల్లగా ఉందే అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

తర్వాత నాలుగేళ్ళకు మా తోడికోడలు వచ్చింది. ఎట్టయాపురం వైపు పిల్ల, పది దాకా చదువు. గట్టిగా నవ్వుతుంది. ఆమె నవ్వితే అత్త కూడా నవ్వుతుంది. నేను వచ్చి ఆరేళ్ళయినా అత్తను ఒక్కసారి కూడా నవ్వించలేకపోయాను. పులుసులో ఉప్పు చూడమని అత్త నన్ను పిలవడం మానేసింది. వీటన్నిటికీ ఓర్చుకున్నాను. నా పాప బడినుంచి రాగానే సంచి నా దగ్గర పడేసి "చిన్నమ్మా" అంటూ ఆమె గదిలోకి పరుగెత్తేది. దానికి మాత్రం ఓర్చుకోలేకపోయాను. పాపకు జ్వరం వచ్చిన రోజు కూడా ఆమె ఒడిలోనే పడుకుంటానంది. నేను పక్కన కూర్చుని థర్మామీటరు పట్టుకుని ఉన్నాను.

వాళ్ళు వేరే ఇల్లు కట్టుకుంటామన్నప్పుడు నాకు సంతోషమే వేసింది. తీరా ప్లాను కాగితం పరిచి చూపించాక ఆ సంతోషం పోయింది. నాలుగు కిటికీలు, లోపలే స్నానాల గది, వంటింట్లో నిలబడి వండే గట్టు. మా వంటింట్లో కిటికీ లేదు. స్థలం మాత్రం మా పక్కదే, వాగుకు ఇంకా దగ్గర, మా స్థలం కన్నా కొంచెం పల్లం.

ఆ కాగితం మీద మున్సిపాలిటీ ముద్ర పడాలి. అప్పుడే ఒక కొత్త రూలు వచ్చింది. వాగు ఒడ్డుకు దగ్గరగా కట్టే ఇంటి నేల, అక్కడ ఇంతకుముందు వచ్చిన నీళ్ళ ఎత్తుకన్నా పైన ఉండాలి. ఆ ఎత్తును పక్కనున్న పాత ఇంట్లో అడిగి, చూసి రాసుకోవాలి. సముద్రం ఒడ్డు ఊళ్ళ కోసం పెట్టిన రూలట. మా జిల్లాలో సముద్రం ఉంది, మా వాగు నీళ్ళు చివరికి పోయి కలిసేదీ అందులోనే. అందుకని మాకూ వర్తిస్తుందని మున్సిపాలిటీ ఓవర్సీరు తమిళంలో ఓపికగా చెప్పాడు. వాగు మా దగ్గర తిరిగే వంపులో పాత ఇల్లు మాదొక్కటే.

మా వాళ్ళకు ఇంకో రూలుంది. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ మీరరు. తమ్ముడి ఇంటి నేల అన్న ఇంటి నేలకన్నా ఎత్తుగా ఉండకూడదు. ఒక ఇటుక వరసైనా తగ్గాలి. అలా కాకపోతే పెద్దవాడు తగ్గిపోతాడని నమ్మకం. మా ఊరి చుట్టుపక్కల పల్లెల్లో దీని కోసం కట్టిన గోడలు పడగొట్టి మళ్ళీ కట్టుకున్న వాళ్ళున్నారు.

ఓవర్సీరు మా వసారాలో నిలబడి నీళ్ళెంతవరకు వచ్చాయని అడిగాడు. మేస్త్రి పక్కన నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని ఉన్నాడు. ఒక చోటి ఎత్తును ఇంకో చోటికి తీసుకుపోయి గీత గీయడానికి వాళ్ళు వాడేది అదే. అత్త నావైపు తిరిగింది.

"ఏమే, నువ్వే కదా ఇంట్లో ఉండింది. యాడిదాకా వచ్చిండె?"

తోడికోడలు గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. నా పాప ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. నా ఇంట్లోకి నీళ్ళు వచ్చిన రోజు ఎత్తు కొలవడానికి ఒక్కరూ రాలేదు. ఈమె ఇల్లు ఇంకా కట్టనే లేదు, అప్పుడే మున్సిపాలిటీ గొట్టం పట్టుకుని వచ్చింది. నిజం చెబితే ఆమె నేల నా నేలకన్నా మోకాలెత్తు పైకి లేస్తుంది. ఆ పైనుంచి, ఆ నాలుగు కిటికీల్లోంచి ఆమె నా వాకిట్లోకి చూస్తుంది.

"మెట్టుదాకా అత్తా. రెండో మెట్టు" అన్నాను.

మేస్త్రి రెండో మెట్టు దగ్గర గొట్టం ఆనించాడు. అవతలి కొస పట్టుకుని మనిషి ఆ స్థలంలోకి నడిచాడు. ఓవర్సీరు రాసుకున్నాడు. మా నేలకన్నా ఒక ఇటుక తక్కువగా బేస్‌మెంటు కట్టినా రూలుకు సరిపోతుందని తేలింది. అత్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత రెండు నెలలు నాకు ఏదో సుఖంగానే ఉండింది. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వాకిట్లోంచి ఆ బేస్‌మెంటు చూసేదాన్ని. రాళ్ళు పేర్చారు, గరుసు పోసి దిమ్మిస కొట్టారు. ఎంత ఎదిగినా నా గడపకు కిందే ఆగుతుందని తెలుసు. కిటికీలు నాలుగైతేనేం అనుకునేదాన్ని. ఈలోపల ఆమెకు నెల తప్పింది. డబ్బు కోసం పని ఆగుతూ సాగుతూ ఉండగానే ఐదో నెల, ఆరో నెల వచ్చాయి. ఆమె కడుపు కనిపించడం మొదలయ్యాక పళ్ళు తోముకుంటూ అటు చూడటం తగ్గించాను. మబ్బు పడితే పాపను బడికి పంపను, రాత్రి రెండుసార్లు లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, అలాంటి మనిషిని నేను. ఆ నేల మీద ఒక బిడ్డ పాకుతుందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా వేరే పని పెట్టుకునేదాన్ని.

ఏడో నెలలో గాజులు తొడిగి ఆమెను పుట్టింటికి పంపాలి. పంపే ముందు ఇంటి పెద్దకోడలు తన మొదటి బిడ్డ ఊగిన ఉయ్యాల గుడ్డను ఆమె చేతికివ్వాలి. బతికి పెరిగిన బిడ్డ గుడ్డలో ఊగితే కొత్త బిడ్డకు మంచిదంటారు. అత్త అడగగానే నేను కొత్త గుడ్డ కొనిస్తానన్నాను. ఒప్పుకోలేదు. ట్రంకుపెట్టె తీశాను. నల్లచార కనబడకుండా మడిచి ఇచ్చాను.

ఆమె తీసుకుని ఊరుకోలేదు. గుడ్డ బరువు ఆగుతుందో లేదో చూడాలని, మా ఇంట్లో అదే కొక్కేనికి, అదే ముడి దగ్గర కట్టింది. నా పాపను అందులో కూర్చోబెట్టి ఊపబోయి ఆగింది. అడుగున అంచు వెంబడి నల్లగా, గీత గీసినట్టు ఉంది చార.

"అక్కా, ఏంది ఇది?"

"రేగడి."

"రేగడి ఉయ్యాలకు ఎట్ల అంటుకొనె?"

ఆమె వంగి, బరువుగా ఒక చేయి నడుముకు పెట్టుకుని, నేలనుంచి ఆ చారదాకా జానతో కొలిచింది. తర్వాత గోడవైపు చూసింది, గడపవైపు చూసింది. ఆమెకు చదువు తక్కువని నేను అనుకునేదాన్ని. ఇంత చిన్న లెక్క వేయడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"బిడ్డనెత్తుకోని యాడ నిలబడితివక్కా?"

"రుబ్బురోలు మింద."

"ఒక్కదానివేనా?"

అవునని తల ఊపాను. ఆరేళ్ళ తర్వాత ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. మా ఆయన అడగాల్సింది, అత్త అడగాల్సింది. ఆ ప్రశ్న కూడా ఆమెకే దక్కిందని ఆ క్షణంలోనే నాకు కడుపు మండింది. ఏడుస్తూనే మండింది.

ఆమె పాపను దించి, ముడి విప్పి, గుడ్డను మడిచి నా చేతిలో పెట్టింది.

"వచ్చే సోమవారం బేస్‌మెంటు మింద కాంక్రీటు పోస్తారు. నేను చెప్తే చిన్నకోడలు యారాలితో పోటీకి వచ్చిందంటారు. నువ్వే చెప్పల్ల. చెప్పకుంటే ఈ గుడ్డ నువ్వే పెట్టుకో, నా బిడ్డకు వద్దు."

ఆదివారం మా ఆయన వచ్చాడు. అన్నాలు తినేటప్పుడు, మరిది కూడా ఉండగా, గుడ్డ తెచ్చి మధ్యలో పరిచి చెప్పాను. పుట్టింటికి జడిసి దాచానని చెప్పాను. ఓవర్సీరు ముందు ఎందుకు అబద్ధం చెప్పానన్నది మాత్రం చెప్పలేదు. తోడికోడలు తలెత్తకుండా నాకు మజ్జిగ పోసింది. ఆమెకు తెలుసు.

"ఓవర్సీరు ఆయప్ప ముందర మెట్టుదాకా అంటివి. ఇప్పుడు ఉయ్యాలదాకా అంటావుండావు. రేపు దూలందాకా అంటావా?" అంది అత్త.

మా ఆయన గుడ్డ అంచు పట్టుకుని చార చూశాడు. నాకైనా చెప్పకూడదా అన్నాడు. మీరు అడగలే అన్నాను. ఆయన చేయి కడుక్కుని లేచిపోయాడు. మరునాడు మండీకి పోలేదు, ఓవర్సీరును పిలవడానికి పోయాడు.

ఈసారి ఉయ్యాల కట్టి, చార దగ్గరే గొట్టం ఆనించారు. ఓవర్సీరు పాత కాగితం చింపి కొత్తది రాస్తూ, పెద్ద చదువు చదివిన అమ్మ కదా మీరు అని తమిళంలో అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ ఉండి ఉండి గుచ్చుకుంటుంది. గరుసు మళ్ళీ పోశారు. మూడు మెట్లు కావలసిన ఇంటికి ఏడు వచ్చాయి. అన్న ఇల్లు తగ్గిపోయిందే అని అత్త రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు ఆమే ఉపాయం చెప్పింది.

"పెద్దోడి మిద్దె మింద నాలుగు వరసలు ఇటుక ఎత్తండి. నేల తగ్గినా తల ఎత్తుగా ఉంటే చాలు."

మా ఆయన ఇటుకలు పేర్పించాడు. పైన ఏ గదీ లేదు, దేనికీ అడ్డం కాదు. వట్టి గోడ. వీధిలో పోయేవాళ్ళు పైకి చూసి, ఏం కడుతున్నారని అడిగేవాళ్ళు. మా వాళ్ళయితే అడగరు, అర్థమవుతుంది.

మగబిడ్డ పుట్టాడు. గృహప్రవేశం అయింది. ఆ మరుసటేడు ఐప్పసిలో మళ్ళీ వచ్చింది వాగు. ఈసారి ఒంటరిగా లేను. మా ఆయనకు సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. వీధి మొదట్లో నీళ్ళు కనబడగానే తోడికోడలు పైనుంచి కేక వేసింది, పాపను పంపమని. పాపకు చెప్పనక్కరలేదు, అప్పటికే ఆ మెట్లెక్కేసింది. అత్తను మా ఆయన ఎత్తుకుపోయాడు. నేను చివర వెళ్ళాను. నాలుగో మెట్టు మీద ఆగి వెనక్కి చూస్తే, మా గడప మీంచి నల్లటి నీళ్ళు లోపలికి పోతున్నాయి, అప్పటిలాగే చప్పుడు లేకుండా.

వాళ్ళ హాల్లో మరిది కొడుకు నా పాప ఉయ్యాల గుడ్డలో నిద్రపోతున్నాడు. పక్కన కూర్చుని నా పాప ఊపుతోంది. నేల పొడిగా, చల్లగా ఉంది. వంటింటి కిటికీలోంచి నా వంటిల్లు కనిపించింది, తలుపు లోపల నీళ్ళలో తేలుతున్న నా చేట కూడా. తోడికోడలు నా పక్కకు వచ్చి, చూసి, కిటికీ తలుపు మూసింది. అది దయ. నాకది కూడా నచ్చలేదు. టీ ఇచ్చింది, తాగాను. మా పాప ఎవరి దగ్గర పడుకుంటుందో అడగలేదు.

నీళ్ళు పోయాక మా ఆయన చీపురు తీసుకున్నాడు. నేను మాత్రం ముందు పాప బడి సంచిలోంచి పెన్సిల్ తీసి, గోడ మీద తడి ఆగిన చోట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత గీశాను. సున్నం కొట్టేటప్పుడు దాన్ని వదిలేయమని చెప్పాను, మా అమ్మ వచ్చినప్పుడు కూడా అలాగే ఉండింది. మేస్త్రి ఒకసారి గొట్టం పెట్టి చూశాడు. ఆ గీత తోడికోడలి గడపకు జానెడు కింద ఉంది.