పేరు పెట్టిన సమాధి

మా ఊరి మునిసిపాలిటీలో నోటితో అడిగిన మాటకి విలువ లేదు. కాగితం మీద పెట్టి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుంటేనే అడిగినట్టు లెక్క. ఆఫీసుకి ఎదురుగా జెరాక్సు దుకాణం పెట్టుకుని బతుకుతున్నదాన్ని, నాకు ఆమాత్రం తెలుసు. ఒబ్దూలియా మాత్రం చేపల బుట్ట గుమ్మం పక్కన దించి, తడి చేతులు గౌనుకి తుడుచుకుని, లోపలికి వెళ్లి తప్పిపోయిన కొడుకు సంగతి అడిగి వచ్చేది. "రేపు రమ్మన్నారొదినా" అనేది. ఆ రేపు ఎన్నాళ్లకీ రాలేదు.

ఒబ్దూలియా పెర్తుస్ మగ్దలేనా నది ఒడ్డున, రేవు మెట్ల దగ్గర బొకాచీకో చేపలు వేయించి అమ్మేది. మా ఊరు పుయెర్తో మదేరోలో పడవ దిగినవాళ్లు ఆమె చేపముక్క, ఉడికించిన కర్రపెండలం తినకుండా ఊళ్లోకి అడుగుపెట్టేవాళ్లు కాదు. చెయ్యి ఎంత రుచో నోరు అంత కారం. బేరమాడేవాళ్లని "ముల్లు తీసేసి తూచమంటావా నాయనా?" అని దులిపేసేది. మొగుడు జ్వరంతో పోయాక కొడుకు ఫెర్నేయ్‌ని ఒంటి చేత్తో పెంచింది. వాడికి నేను జ్ఞానతల్లిని. చర్చిలో జ్ఞానస్నానానికి వాడి తల మీద నీళ్లు పోసినప్పుడు ఎత్తుకున్నది నేనే. అప్పటినుంచీ మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

ఫెర్నేయ్ పడవ మోటార్లు బాగుచేసేవాడు. మీసం సరిగ్గా మొలవని వయసు. ఒక మధ్యాహ్నం తుపాకులవాళ్లు రేవుకి వచ్చి, ఎగువన తమ మోటారు ఆగిపోయిందని చెప్పి వాణ్ణి పనిముట్ల పెట్టెతో సహా పడవెక్కించుకుపోయారు. వాడు పొయ్యి మీదున్న చేప తనకోసం ఉంచమని తల్లికి కేకేసి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఏ తుపాకులవాళ్లు అని అడక్కండి. అప్పట్లో అడిగినవాళ్లు కూడా అదే పడవ ఎక్కేవాళ్లు. అందుకే ఊరంతా నోరు కుట్టేసుకుని కూర్చుంది. నేనూ ఊళ్లోదాన్నే కదా.

ఆ ఏళ్లలో నది శవాల్ని తెచ్చేది. జాలర్లు ఒడ్డుకి లాగేవాళ్లు. మునిసిపాలిటీ వాళ్లు సమాధుల తోట గోడలో అరలు కట్టించి, శవాన్ని అందులో పెట్టి మూసేసి, పైన "పేరు తెలియదు" అని నల్లరంగుతో రాయించేవాళ్లు. మా ఊరివాళ్లు, నది పొడుగునా మాలాంటి ఊళ్లవాళ్లు వాళ్లనలా వదిలెయ్యరు. తలా ఒక అరని ఎంచుకుంటారు. దానికి రంగు వేయించి, ఒక పేరు పెట్టి, సోమవారం సోమవారం గ్లాసుడు నీళ్లు పెడతారు. నదిలో పోయినవాడికి దాహమేంటని నది ఎరగనివాళ్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. మూత మీద వేళ్లతో తట్టి కష్టం చెప్పుకుంటే లోపలున్న ఆత్మ వింటుందని మా నమ్మకం. కష్టం తీరితే కొందరు తమ ఇంటిపేరు కూడా ఇచ్చేస్తారు.

ఒబ్దూలియా కూడా ఒకణ్ణి ఎంచుకుంది.

"కుర్రాడంటొదినా," అంది. "కాళ్లకి చెప్పులు కూడా లేవంట. ఆళ్లమ్మ ఎక్కడ ఏడుత్తందో. నేను సూసుకుంటాలే."

"మనవాడు కాదని తెలుసుగా?" అన్నాను భయంగా.

"నాకు తెల్దా? మనోడికి ముందు పన్ను ఇరిగుంటది. ఈడికి పళ్లన్నీ ఉన్నాయని గొయ్యి తవ్వేవోడు సెప్పాడు. అడక్కుండా ఉంటానా?"

తెలిసే ఎంచుకుంది, తెలిసే వాడికి ఫెర్నేయ్ అని పేరు పెట్టింది. అరకి ఆకాశం రంగు వేయించింది. సోమవారాలు చేపల బేరం పొద్దున్నే ముగించి, తల దువ్వుకుని, నీళ్లు పట్టుకుని వెళ్లేది. వానలకి రేవు మునిగినప్పుడు తన పాక ఒక్కటే కొట్టుకుపోలేదని, అదంతా వాడి చలవేనని చెప్పేది. ఇంట్లో కొడుకుతో మాట్లాడినట్టే వాడితో మాట్లాడేది. తిట్టేది కూడా. ఒకసారి నేను వెనకే వెళ్లి విన్నాను. చేపల ధర పడిపోతుంటే చూస్తూ పడుకున్నావేంట్రా అని అడుగుతోంది. నాకు నవ్వొచ్చింది, మరుక్షణం ఏడుపొచ్చింది.

కొన్నేళ్లకి గోడలో చోటు చాల్లేదు. ఎవరూ లేనివాళ్ల ఎముకలు తీసి ఉమ్మడి గుంటలో వేస్తారని, సొంతవాళ్లున్నవాటిని కదపరని మునిసిపాలిటీ వాళ్లు చాటించారు. ఒబ్దూలియా పొయ్యి మీద నూనె అలాగే వదిలేసి పరిగెత్తింది. సమాధుల లెక్క చూసే గుమాస్తా బెలిసారియో "వీడు నీకేమవుతాడమ్మా?" అని అడిగాడు. "నా కొడుకు" అంది. పేరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఎముకలు దక్కాయి. ఆ సాయంత్రం నా దుకాణానికి వచ్చి, బెల్లంనీళ్లు తాగుతూ ఎంత సంతోషపడిందో! ఊళ్లో ఇంకా చాలామంది అలాగే చెప్పి కాపాడుకున్నారు. అందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు.

తర్వాత తుపాకులవాళ్లు పోయారు. రాజధానిలో పెద్దవాళ్లు శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టుకున్నారు. తప్పిపోయినవాళ్లని వెతికే మనుషులు చుట్టుపక్కల ఊళ్లకి వస్తున్నారని, ఎముకల్ని పరీక్ష చేసి ఎవరి బిడ్డో చెబుతున్నారని విన్నాం. మా ఊరూ వచ్చారు, కొన్ని గడపలు తొక్కారు. ఒబ్దూలియా గడప తొక్కలేదు. ఆమె నీలం గౌను వేసుకుని రోజంతా వాకిట్లో కూర్చుంది.

"నన్ను మరిసిపోయారేంటొదినా?"

"మునిసిపాలిటీలో అడుగుదాం. ఈసారి నోటితో కాదు, కాగితం మీద," అన్నాను.

మా మొదటి కాగితం చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. వాడు పుట్టినప్పుడు పడ్డ కష్టం, వాడికిష్టమైన కూర, వాణ్ణి పడవెక్కించిన రోజు ఎండ, అన్నీ రాశాం. చివర్లో "నా కొడుకు ఎక్కడున్నాడో చెప్పండి బాబూ" అని పెట్టాం. టైపు చేస్తూ ఇద్దరం ఏడ్చాం. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. మీ బాధకు చింతిస్తున్నాము, ఇది మా పరిధిలోని విషయం కాదు అని.

నాకు ఒళ్లు మండింది. జనం తరఫున మాట్లాడడానికి మునిసిపాలిటీలోనే ఒక అధికారి ఉంటాడు. అతని దగ్గర పనిచేసే అమ్మాయి కాపీలకని నా దుకాణానికి వచ్చినప్పుడు ఆ జవాబు చూపించాను. ఆ పిల్ల చదివి, నొచ్చుకుంటూనే అసలు కిటుకు చెప్పింది.

"పిన్నీ, మీరు ప్రశ్న అడిగారు. ప్రశ్నడిగితే తప్పించుకుంటారు. ఫలానా కాగితం కాపీ ఇమ్మని అడగండి. ఏ ఆఫీసుదో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో రాయండి. ఎందుకో రాయక్కర్లేదు. గడువులోపు ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే జడ్జి దగ్గరికెళ్లొచ్చు."

"ఎందుకో రాయకపోతే ఆళ్లకి జాలెలా కలుగుద్ది?" అంది ఒబ్దూలియా.

"జాలి అక్కర్లేదత్తా. మీ హక్కది."

ఈసారి కాగితం చిన్నగా రాశాం. నదిలో దొరికి మా సమాధుల తోటలో పూడ్చిన శవాల నమోదు కాపీ కావాలన్నాం. ఏ ఏళ్లవో రాశాం. ఫెర్నేయ్ పెర్తుస్ పేరు మీద ఏ కాగితమున్నా దాని కాపీ కూడా కావాలని కింద కలిపాం. కన్నీటి చుక్క లేని ఆ నాలుగు ముక్కల కింద ఒబ్దూలియా అయిష్టంగానే వేలిముద్ర వేసింది.

బెలిసారియో కళ్లద్దాల మీంచి చూశాడు. "ఇవన్నీ ఎందుకమ్మా నీకు?"

"ఎందుకో చెప్పక్కర్లేదంట," అంది ఒబ్దూలియా. "ముద్దర ఎయ్యండి."

"చేపలమ్ముకునేదానికి చట్టాలు కూడానా?"

"మీకు కుళ్లిన చేప అంటగట్టినప్పుడు అడగండి చట్టం. ముందు ముద్దర ఎయ్యండి."

వరండాలో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వుతూనే ముద్ర వేశాడు. ముద్ర పడిన ప్రతిని ఆమె గౌను మెడలోంచి లోపలికి దోపుకుంది. అన్నేళ్ల తర్వాత ఆమె నడకలో పాత ఒబ్దూలియా కనిపించి నా కడుపు నిండింది.

గడువులోపే కాపీలు వచ్చాయి. నా దుకాణంలో బల్ల మీద పరిచి చదివాను. ఫెర్నేయ్ పేరున్న కాగితం దగ్గర ఆగాను.

"సదువొదినా."

"ఫెర్నేయ్ పెర్తుస్. మృతుడు. గుర్తుపట్టినది తల్లి, ఒబ్దూలియా పెర్తుస్. ఇక్కడి గోడలోనే ఉన్నట్టు రాసుంది."

"అది నేను సెప్పిందేగా! మరి మనోడి సంగతి?"

కింద ఇంకో కాగితం ఉంది. తప్పిపోయినవాళ్లని వెతికే ఆఫీసుకి మునిసిపాలిటీ పంపిన ఉత్తరం కాపీ. ఈ మనిషి దొరికాడు, తల్లి పూడ్చుకుంది, మీ జాబితాలోంచి కొట్టెయ్యండి అని ఉంది. వాళ్లు కొట్టేశారు. అందుకే వెతికేవాళ్లు ఆమె గడప తొక్కలేదు. ఇన్నేళ్లూ ఈ లోకంలో ఫెర్నేయ్ కోసం ఎవరూ వెతకలేదు. వెతకొద్దని చెప్పింది వాళ్లమ్మే.

అది అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు. "నా నోరు పడిపోను" అని, బుట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. బుట్టలో చేపలు వాసనొచ్చే వరకూ నేను కదల్లేకపోయాను.

తప్పు దిద్దాలంటే ఆమె ఇంకో కాగితం ఇవ్వాలి. ఆ అరలో ఉన్నవాడు నా కొడుకు కాడు అని. ఒబ్దూలియా పదిరోజులు నా దుకాణం వైపు రాలేదు. నేనే రేవుకి వెళ్లాను.

"నా కొడుకు కాదని ఎలా అనమంటావొదినా?" అంది పొయ్యిలోకి చూస్తూ. "ఇన్నేళ్లు నా మాటిన్నాడు. ఒక్కసారి ఎదురు సెప్పలేదు. ఇప్పుడు నువ్వెవరివిరా అని గెంటెయ్యనా?"

"మరి మన ఫెర్నేయ్?"

పొయ్యి మీది చేప మాడిపోయింది. ఒబ్దూలియా చేతిలో చేప మాడడం నేను చూసింది అదే మొదటిసారి.

సోమవారం నీళ్ల గ్లాసుతో వెళ్లి, ఎప్పటికన్నా చాలాసేపు ఉండి, అటునుంచి అటే నా దగ్గరికి వచ్చింది. "సెప్పేశాను ఆడికి. రాయి," అంది. నేను రాశాను. వేలిముద్ర వేసేటప్పుడు ఆమె చెయ్యి నేనే పట్టుకుని అద్దించాను. గోడ మీద పేరు చెరిపేశారు. వెతికేవాళ్లు తెల్ల చొక్కాలతో వచ్చి అర పగలగొట్టి, ఎముకల్ని పెట్టెలో పెట్టుకెళ్లారు. ఒబ్దూలియా గోడకి ఆనుకుని నిలబడి చూసింది. ఆ కాళ్ల ఎముకలు చిన్నగా ఉన్నాయని మాత్రం అంది.

చాన్నాళ్లకి ఎగువ ఊరినుంచి ఎతెల్వినా అనే ముసలావిడ పడవ దిగింది. పరీక్షలో ఆ ఎముకలు ఆమె కొడుకువని తేలింది. వాడి పేరు దాయిరో. పేరున్న సమాధి కాబట్టి వెతికేవాళ్లు అంతకుముందు ఆ అర జోలికి పోలేదు. ఈమె కాపాడుకున్నన్నాళ్లూ ఆవిడ ఎదురుచూసింది. ఒబ్దూలియా ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

"నీ బిడ్డని నేను దాసేశానక్కా. నన్ను తిట్టు."

ఎతెల్వినా తిట్టలేదు. నన్ను అడిగితే, తిడితేనే బాగుండేది. ఆమె తల నిమిరి, "గుంటలో కలిపేసుంటే నాకిది కూడా దక్కేది కాదు కదమ్మా," అంది. పెట్టె ఒళ్లో పెట్టుకుని పడవెక్కేటప్పుడు వెనక్కి తిరిగి, "నీ బిడ్డకి కూడా ఎక్కడో ఏదో తల్లి నీళ్లు పెడతానే ఉంటది," అని ఓదార్చింది. ఒబ్దూలియా ముఖం తెల్లబోయింది. ఆవిడ ఎందుకని చూసుకోలేదు, పడవ కదిలింది.

మర్నాడు పొద్దున్నే, నేను తలుపు తీయకముందే ఒబ్దూలియా వచ్చి గుమ్మంలో కూర్చుంది. దిగువన నది ఒడ్డున ఉన్న ప్రతి మునిసిపాలిటీకీ కాగితం పెట్టాలంది. కాపీ ఇమ్మని అడగాలి, ఎందుకో రాయకూడదు, అన్నీ తనే చెప్పింది. నేను టైపు మిషన్లో కాగితం ఎక్కించి, "ఫెర్నేయ్ పెర్తుస్ పేరున..." అని కొట్టడం మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ పేరు రాయకొదినా. నదిలో దొరికినోళ్లకి పెంచుకున్నోళ్లు పెట్టిన పేర్లన్నీ ఇమ్మను. ఇప్పుడు ఆడి పేరేంటో నాకేం తెలుసు?"