వాడేవాళ్లు లేరన్న సౌండ్ కార్డు

ఈ రోజు మా కోడలితో గొడవ పడ్డాను. గెలిచాను కూడా.

కార్వేటినగరంలో నాది మైకు సెట్టు. పాటలన్నీ ఇరవై ఏళ్ల నాటి కంప్యూటరులో ఉన్నాయి. నిన్న కోడలు దానికి కొత్త కెర్నల్ ఎక్కించింది. కెర్నల్ అంటే కంప్యూటరును లోపలి నుంచి నడిపించేదట. దేశదేశాల వాళ్లు కలిసి దాన్ని బాగుచేస్తుంటారు, మా కోడలూ వాళ్లలో ఒకతె. పొద్దున చూస్తే పాట తిరుగుతోంది, శబ్దం మాత్రం లేదు. రేపు పక్క ఊళ్లో బాషా కూతురి పెళ్లికి మైకు నాదే!

"మామా, నీ సౌండ్ కార్డు ఇప్పుడు యాడా ఎవురూ వాడరు. కెర్నల్లో దాని కోడే తీసేద్దామని, సౌండు పని చూసే పెద్దాయన అంటా ఉండాడు."

"ఎవురూ వాడరా? నేను సచ్చిపోయినానా మే? బతికే ఉండానని రాయి ఆయప్పకు!"

కోడలు ఆ కోడులో రెండు లైన్లు సరిచేసి, పరీక్షించమంది. నేను నా పద్ధతిలోనే పరీక్షించాను. మిద్దె మీద నాలుగు హారన్లు కట్టి, పూర్తి సౌండుతో నాదస్వరం పెట్టాను. వీధంతా బయటికొచ్చి పెళ్లి ఎవరికని అడిగింది.

శబ్దం వచ్చిందని కోడలు పెద్దాయనకు రాసింది, సాయంత్రానికి ఆయన జవాబు వచ్చింది. కోడు తీయడట. పరీక్షించినవాడిగా కింద నా పేరు రాశాడు. ఇంగ్లీషు నాకు రాదు, కోడలు చూపించిన చోట వేలు పెట్టి చూసుకున్నాను. ఇక మీదట కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా నేనే పరీక్షించి చెప్పాలట.

ఈ సంగతి మా వీధివాళ్లకు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో మీరే చెప్పండి.