యూరోపియం ముక్క, మాణిక్యమ్మ వేలిముద్ర

లాల్‌దర్వాజా మాణిక్యమ్మకు అక్షరం ముక్క రాదు. భర్త పోయాక ఆయన కొలువు ఆమెకిచ్చారు. చాంద్రాయణగుట్ట అవతలి సర్కారు లాబ్‌లో లోహాల సీసాలు కాపలా కాయడమే పని. చీటీలు చదవలేదు కనుక, నూనెలో ముంచి ఉంచాల్సిన సీసాల మెడకు ఎర్రదారం కట్టుకుంది. అలాంటివి మూడు: లాంథనం, సీరియం, యూరోపియం. పాత సారు నేర్పిన పాఠాన్ని ఆరేళ్లలో ఒక్కరోజు కూడా తప్పలేదు.

డెబ్బై నాలుగు శ్రావణంలో కైలాసం అనే కొత్త ఆఫీసరు వచ్చాడు. మహా చదువరి! దారాలు చూడగానే మొహం చిట్లించాడు.

"ఏందివి? లాబ్‌ల తాయెత్తులా?"

"తాయెత్తులు కావు సార్. దారమున్నయి నూనెల్నే ఉండాలె. గాలి తగిల్తే ఖరాబైతయి."

"గడోలినియం, ఇట్రియం నూనె లేకుండనే బయట మెరుస్తలేవా? అన్నీ ఒక్క ఖాందానే."

"ఖాందాన్ ఒకటైతే గుణం ఒకటైతదా సార్? మేం నలుగురు అక్కచెల్లెండ్లం, నాలుగు తీర్ల ఉన్నం."

ఆయన వినలేదు. సోమవారం ఢిల్లీవాళ్లు చూడటానికొస్తున్నారని, శనివారమే కత్తెరతో దారాలు తెంపి, ముక్కలన్నీ నూనె తుడిచి గాజు పళ్లేల్లో పేర్పించాడు. మాణిక్యమ్మ చెత్తబుట్టలోంచి దారాలు ఏరి కొంగుకు ముడేసుకుంది.

రెండు రోజులు ముసురు పట్టింది. సోమవారం పొద్దున గడోలినియం, ఇట్రియం నిగనిగలాడుతున్నాయి. లాంథనం, సీరియం నల్లబడ్డాయి. గోరంత యూరోపియం ముక్క పసుపుపచ్చ పొడి అయిపోయింది.

ఢిల్లీవాళ్లు అటు వెళ్లారో లేదో, మధ్యాహ్నానికి కైలాసం మెమో తయారుచేశాడు. ఆమె మూతలు తెరిచి వదిలేసిందట. వేలిముద్ర వేస్తే కొలువు ఊడుతుంది, వెయ్యకపోతే ధిక్కారమంటారు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. మాణిక్యమ్మకు భయమెయ్యలేదా? వేసింది. దాన్ని మించిన మంట కూడా రేగింది. మెమో పట్టుకుని నేరుగా డైరెక్టరు గదిలోకి నడిచింది. కైలాసం వెనకే పరుగెత్తాడు.

కొంగు విప్పి మూడు దారాలు బల్ల మీద పెట్టింది. "ఏవేవి ఖరాబైనయో చూడుండ్రి సార్. గీ దారాలు గా మూడింటియే."

"మూఢనమ్మకం సార్!" కైలాసం అందుకున్నాడు. "నేనే తెంపేసిన."

"మరి నూనెలోంచి తీయించిందెవరు?" అన్నాడు డైరెక్టరు.

డైరెక్టరు మెమో చింపబోయాడు.

"చింపొద్దు సార్. తప్పు నాది కాదని దాని మీదనే రాయమనుండ్రి. నాకు వేలిముద్రే వస్తది, ఆయనకు సంతకం వస్తది గద!"

కైలాసం రాసి, సంతకం పెట్టాడు.

ఆ కాగితం అద్దం కట్టించి, భర్త ఫోటో పక్కన తగిలించింది. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా సరే, దాన్ని ఆమెకు గట్టిగా చదివి వినిపించాకే చాయ్ పోసేది.