దావీదురాజు మెదడుకు తీసిన ఫోటో

ఓర్వకల్లు పక్క పల్లెలో రాళ్లు కొట్టే దావీదురాజు మూడు గుడ్ ఫ్రైడేలకు మూడుసార్లు బీడీ మానేస్తానని ప్రార్థనలో మాటిచ్చాడు. మూడుసార్లూ ఈస్టర్ భోజనం దాకే ఆగగలిగాడు.

"దేవునికే మాట తప్పినోడివి," అనేది భార్య జీవమ్మ.

కర్నూలు ఆసుపత్రి ఒకదానిలో పొగతాగేవాళ్ల మెదడును ఫోటో తీసి, డోపమైన్ అనే రసం ఎట్లా పొంగుతుందో చూస్తారని తెలిసి, అతను అందరికంటే ముందు పేరు రాయించుకున్నాడు.

"తప్పు నాది గాదే, మెదడుది! డాక్టర్లే ఫోటో ఇస్తారు. అప్పుడన్నా నమ్ముతావు."

"సూద్దాం పద," అని జీవమ్మ సద్ది మూట కట్టుకొని తనూ బస్సెక్కింది.

ముందు సాయంత్రం నుంచే బీడీ ముట్టకూడదన్నారు. ముట్టలేదు. దారిపొడవునా కండక్టరును కసురుకుంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ నిస్సీ ఒక చిన్న గది చూపించి, "ఈడ ఒక్క బీడీ తాగండి, తర్వాత మిషన్లో పడుకుందురు," అంది.

పుల్ల గీశాడు. అద్దం అవతల బెంచీ మీద, కూతురు నిస్సీకి క్యారియర్ తెచ్చిన ముసలాయన కనబడ్డాడు. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పిన హెన్రీ సారు! బీడీ వీపు వెనక్కి పోయింది. వేలు కాలింది.

"సారు ముందర యెట్లా తాగేదమ్మా?"

"ఇది పరీక్షే కదండీ!"

"సారు ముందర నేను యే పరీక్షా పాసు కాలేదమ్మా."

సంగతి విన్న హెన్రీ సారు మోకాళ్లు పట్టుకుంటూ గోడవైపు తిరిగి కూర్చున్నారు, ఒకప్పుడు బడిలో దావీదును గోడవైపు నిలబెట్టినట్టే. "నేను సూడను. కానీయ్ నాయనా," అన్నారు. దావీదు బీడీ తాగి, మిషన్లో పడుకున్నాడు.

పది రోజులకు నిస్సీ రంగుల ఫోటో చూపించింది. "ఆ ఎర్రగా మండేది చూశారా? పొగ తాగగానే పొంగిన డోపమైన్. మానడం అందుకే కష్టం."

"విన్యావా?" దావీదు ఛాతీ విరుచుకున్నాడు. "నేను గాదు, మెదడు!"

జీవమ్మ ఆ ఎరుపును చాలాసేపు చూసింది.

"ఇంత మంట లోపల పెట్టుకొని, రెండేసి దినాలు ఓర్చుకున్యావా?" అంది మెల్లగా. అతని కాలిన వేలు పట్టుకొని, డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మానేదానికి మందు ఉంటే ఇద్దరికీ రాయి తల్లీ. ఈయప్పకు ఒకటి, ఈయప్ప మెదడుకు ఒకటి."